అంతస్సాంస్కృతిక ఉద్యోగ శిక్షణ - అభ్యసన సిద్ధాంతాలు: చారిత్రక పరిశీలన

పరాయి సంస్కృతిలో పనిచేయబోయే ఉద్యోగికి ఏమి నేర్పాలన్న ప్రశ్నకన్నా, ఆ ఉద్యోగి ఎలా నేర్చుకుంటాడన్న ప్రశ్నే అంతస్సాంస్కృతిక శిక్షణ చరిత్రను మలుపు తిప్పింది.

అమెరికా విదేశాంగశాఖ 1947లో ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. 1951-55 మధ్య అక్కడ బోధించిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్, సంస్కృతిని గూర్చిన సాధారణ సూత్రాలు దౌత్యోద్యోగులకు అక్కరకు రావడం లేదని గ్రహించాడు. సమయపాలన, మనుషుల మధ్య దూరం, కంఠస్వరం వంటి నిత్యవ్యవహారాలనే పాఠ్యాంశాలుగా చేశాడు.

1960లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫీడ్లర్, ట్రయాండిస్ తదితరులు ‘కల్చర్ అసిమిలేటర్’ను రూపొందించారు. ఇది కార్యక్రమయుత బోధన పద్ధతిని అనుసరించింది. అపార్థానికి దారితీసిన ఒక సంఘటనను, దానికి సాధ్యమైన కొన్ని వివరణలను అభ్యాసకుని ముందుంచుతుంది. ఎంచుకున్న జవాబు ఎందుకు తప్పో, ఎందుకు ఒప్పో వెంటనే తెలుపుతుంది.

హారిసన్, హాప్‌కిన్స్‌లు 1967లో పీస్ కోర్ శిక్షణానుభవం ఆధారంగా విశ్వవిద్యాలయ నమూనానే ప్రశ్నించారు. తరగతిగదిలో సమస్యను, సమాచారాన్ని అధ్యాపకుడే అందిస్తాడు. క్షేత్రంలో రెండింటినీ ఉద్యోగే వెతుక్కోవాలి. ఉద్వేగాల నడుమ నిర్ణయం తీసుకోవాలి. అనుభవం, పర్యాలోచన, భావననిర్మాణం, ప్రయోగం అనే నాలుగు దశల చక్రంగా డేవిడ్ కోల్బ్ 1984లో వివరించిన సిద్ధాంతం ఈ దృష్టికి శాస్త్రీయమైన చట్రాన్నిచ్చింది.

ఈ పరిణామక్రమం ప్రణాళికాకర్తలకు ఒక హెచ్చరిక. ఉపన్యాసంతోనే సరిపెడితే ఆచారం తెలుస్తుంది గాని వ్యవహారం అలవడదు. పర్యాలోచన లేని అనుభవం పూర్వాభిప్రాయాలను మరింత బిగించగలదు. కాబట్టి సమాచారం, సంఘటన విశ్లేషణ, అనుభవం, పర్యాలోచన ఒకదాని కొకటి ఊతమయ్యేలా కూర్చడమే శిక్షణ ప్రణాళికలో కీలకం.