కర్రపెండలం చిప్స్ వెనక ఉన్న ఆకలి కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. సెలవు రోజు తీరిగ్గా చదవండి.

పసార్ మాలంకి, అదే రాత్రి సంతకి, వెళ్తే కెరెపెక్ కొనకుండా వచ్చేవాళ్ళం తక్కువ. అరటికాయవి ఉంటాయి, చిలగడదుంపవి ఉంటాయి, ఎర్రగా కారం పట్టించిన కర్రపెండలం చిప్స్ ఉంటాయి. మా రూములో ఇప్పుడు ఈ చివరివి మేమే చేసుకుంటున్నాం. ఎలాగో కింద రాస్తాం. ముందు ఈ దుంప సంగతి చెప్పుకోవాలి. దీని చరిత్రలో మనలాంటి కూలోళ్ళ చరిత్ర కూడా ఉంది.

ఇక్కడ దీన్ని ఉబి కాయు అంటారు. ఉబి అంటే దుంప, కాయు అంటే కర్ర. మన కర్రపెండలం మాట కూడా అచ్చంగా అదే కదా! ఎందుకంటే దీనికి విత్తనం అక్కర్లేదు, దుంప కూడా నాటక్కర్లేదు. జానెడు కర్ర ముక్క భూమిలో గుచ్చితే చాలు. అంటే పండిన దుంపంతా తినేయొచ్చు, కర్ర మాత్రం మళ్ళీ నేలకి. సారం లేని నేలలో కూడా వస్తుంది, నీళ్ళు తక్కువైనా బతుకుతుంది. చేతిలో పైసా లేనోడికి ఇంతకంటే ఏ పంట కావాలి?

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసోళ్ళు బ్రెజిల్ నుంచి తీసుకెళ్ళి ఆఫ్రికాలో దింపారు. తర్వాత మన దేశానికీ ఈ పక్క దేశాలకీ చేరింది. 19వ శతాబ్దంలో మలక్కా చుట్టుపక్కల చైనా వ్యాపారులు పిండి కోసం దీన్ని పెద్ద ఎత్తున పండించారు. అప్పటికి ఇది అమ్ముకునే సరుకు. ఆకలి తీర్చే తిండి అయింది తర్వాత.

మనోళ్ళు మలయాకి వచ్చింది రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి. పెరాక్‌లోని బగాన్ డతోక్ కొబ్బరి తోటల వైపు తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మొదట గిరిమిటి కూలీలుగా వచ్చారు, 1910లో ఆ పద్ధతి ఆగాక కంగాణీల వెంట వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం కూలీలను పంపడం ఆపేసింది. అప్పటికే ఇక్కడున్నవాళ్ళు ఉండిపోయారు. తోటలో రబ్బరు ఉంది, కొబ్బరి ఉంది గానీ తినే బియ్యంలో ఎక్కువ భాగం బర్మా, సయాంల నుంచి ఓడల్లో రావాలి. ఆ ఓడ ఆగితే ఏంటి పరిస్థితి?

ఆగింది. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం కోట బారు దగ్గర దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రబ్బరు కొనేవాడు లేడు, పని లేదు, కూలి లేదు. జపానోళ్ళు అచ్చేసిన పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది. జనం దాన్ని అరటి డబ్బు అన్నారు. రాన్రానూ దానికి విలువే లేకుండా పోయింది. బియ్యం రేషను తగ్గుతూ వచ్చింది. ఇంటి చుట్టూ, రోడ్డు పక్కన, తోటల మధ్య కర్రలు గుచ్చారు. పొద్దున కర్రపెండలం, రాత్రికి కర్రపెండలం. ఉడికించి తిన్నారు, పిండి చేసి తిన్నారు, ఆకు కూర వండుకున్నారు.

ఆ దుంప ప్రాణం నిలబెట్టింది గానీ ఒళ్ళు నిలబెట్టలేకపోయింది. అందులో ఉండేది దాదాపు అంతా పిండే, మాంసకృత్తులు చాలా తక్కువ. కాళ్ళు వాచిపోయే బెరిబెరి, మానని పుళ్ళు జనాన్ని పట్టుకున్నాయి. ఆ మూడున్నరేళ్ళు చూసిన ముసలివాళ్ళలో చాలామంది తర్వాత ఈ దుంప ముట్టుకోలేదంటే అర్థం చేసుకోవచ్చు.

అదే సమయంలో తోట కూలీలను సయాం–బర్మా రైలు పనికి తీసుకుపోయారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో మన తెలుగోళ్ళూ ఉన్నారు. 415 కిలోమీటర్ల లైను 1943 అక్టోబరుకల్లా పూర్తయింది. ఆసియా కూలీలు 90 వేల మంది దాకా చనిపోయారని ఒక అంచనా. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి శ్మశానంలో దాదాపు 7 వేల మంది యుద్ధఖైదీల సమాధులు వరసగా ఉన్నాయి, రాళ్ళ మీద పేర్లున్నాయి. ఆ కూలీలకు అలాంటి రాళ్ళు లేవు.

ఈ యుద్ధం దెబ్బ మన దేశానికీ తగిలింది. బర్మా బియ్యం ఆగిపోతే తిరువాన్కూరు జనాన్ని ఆదుకుంది కర్రపెండలమే. అక్కడ 1880–85 మధ్య పాలించిన విశాఖం తిరునాళ్ రాజు ఈ పంటను బాగా ప్రోత్సహించి ఉన్నాడు. మన గోదావరి వైపు పెద్దాపురం, సామర్లకోట మిల్లుల్లో ఈ దుంప పాలతోనే సగ్గుబియ్యం చేస్తారు. ఆ సగ్గు అనే మాట కూడా ఇక్కడి మలయ్ మాట సాగు నుంచి వచ్చిందే. అసలు సాగు ఒక తాటిజాతి చెట్టు బోదె నుంచి తీసే పిండి. మనం పేరు వాళ్ళది తీసుకుని దుంప వేరేది వాడుకున్నాం.

ఇక చిప్స్. తాజా దుంప కొనండి, కోస్తే తెల్లగా ఉండాలి. నీలంగా, నల్లగా గీతలుంటే పాతదని అర్థం. ఈ దుంపలో సహజంగా విషం పుట్టించే పదార్థం ఉంటుంది, తొక్కలో ఇంకా ఎక్కువ. అందుకే పైన గోధుమ రంగు పొర ఒక్కటే కాదు, దాని కింద మందపాటి తొక్క కూడా పూర్తిగా తీసేయాలి. చేదు తగిలితే మొత్తం పారేయండి, వేయించినంత మాత్రాన ఆ విషం పోదు. మధ్యలో ఉండే ఈనె తీసి, పల్చగా చక్రాల్లా తరిగి, గంటసేపు నీళ్ళలో నానబెట్టండి. నీళ్ళు తేటబడేదాకా రెండు మూడుసార్లు కడిగితే పిండి పోతుంది, ముక్కలు అంటుకోవు. మరిగే ఉప్పునీళ్ళలో రెండు మూడు నిమిషాలుంచి, వడగట్టి, గుడ్డ మీద బాగా ఆరబెట్టండి. తడి ఉంటే నూనె చిందుతుంది, అసలే రూముల్లో ఇరుకు స్టవ్వులు. కాగిన నూనెలో కొంచెం కొంచెంగా వేయండి. ముక్కలోని నీరు ఆవిరై పోతుంటే బుడగలొస్తాయి. బుడగలు తగ్గి, గరిటెకి గలగలమని తగిలితే తీసేయండి. ఉప్పూ కారమూ వేడి మీదే చల్లండి, చల్లారాక డబ్బాలో పెట్టండి.

కడుపు నిండా అన్నం తిన్నాక నములుకుంటే ఇది చిరుతిండి. అన్నం లేని రోజున ఇదే అన్నం.

ఒక్క పని చేద్దాం. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దోళ్ళను అడగండి, మన వంశంలో మలయా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే వాళ్ళ పేరు, ఊరు, వెళ్ళిన ఏడు ఒక కాగితం మీద రాసి పెట్టండి. తిరిగిరాని వాళ్ళయితే తప్పకుండా రాయండి. రాయి మీద ఎక్కని పేరు కాగితం మీదన్నా ఉండాలి కదా.