దోమల చుట్టలు, పాత ఫోటోలు: మలేసియాలో నవీన కళ

1974లో కౌలాలంపూరులోని దేవాన్ బహాసా దాన్ పుస్తాకా అనే జాతీయ భాషా సంస్థలో ఒక కళా ప్రదర్శన జరిగింది. కళ అన్నమాటే గాని అక్కడ కుంచె పట్టి వేసిన బొమ్మ ఒక్కటీ లేదు. కాలిపోయిన దోమల చుట్టలు ఉన్నాయి. అవి ఆ ఏడాది మార్చి 25వ తేదీ రాత్రి దోమలను తోలడానికి వెలిగించినవని రాసి ఉంది. ఒక ఖాళీ పంజరం ఉంది. జూన్ 10వ తేదీ సోమవారం మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు పక్షిని వదిలిపెట్టగా మిగిలిన పంజరమట అది. సగం తాగిన రెండు కోకాకోలా సీసాలు, ఎందరో కూర్చుని లేచిన కుర్చీ, పెటాలింగ్ జయలో ఒక మంగలి షాపు నుంచి తెచ్చిన వెంట్రుకలు ఇంకొన్ని. క్లాంగ్‌లో చెత్తకుప్ప మీద దొరికిన పాత రెయిన్‌కోటు కూడా ఒకటి. అది జనవరి 13 ఆదివారం సాయంత్రం 4 గంటల 23 నిమిషాలకు దొరికిందనీ, ఎవరో ఒకరిదై ఉండాలనీ దానికి పెట్టిన పేరే చెబుతుంది.

చూడవచ్చినవారిలో కొందరు నవ్వుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది? ఇంట్లో పొద్దున్నే చీపురుతో ఊడ్చి పారేసే బూడిదను చూడడానికి ఎవరు వస్తారు! అయినా ఈ ప్రదర్శనను వదిలేసి మలేసియా కళాచరిత్ర రాయడం ఇప్పుడు ఎవరివల్లా కాదు. కనుక దీని వెనుక ఏముందో మనం కొంచెం నిదానంగా చూడాలి.

ఆ పని చేసినవారు ఇద్దరు. రెడ్జా పియదాస 1939లో కువంతాన్‌లో పుట్టిన సింహళ సంతతివాడు. సులైమాన్ ఈసా 1941లో జొహోర్ బారులో పుట్టిన మలయ్. ఇద్దరూ లండన్‌లోని హార్న్‌సీ కళాశాలలో చదివి వచ్చారు. సయ్యద్ అహ్మద్ జమాల్, లతీఫ్ మొహిదీన్ వంటివారు అప్పటికే పేరు గడించారు. రంగు ధారాళంగా పారాలి, చిత్రకారుడి మనసులోని ఆవేశం కుంచెలోంచి ఊడిపడాలి అన్నది వారి పద్ధతి. పియదాసకు ఈ ఆవేశం మీద నమ్మకం లేదు. కళ అంటే ముందు ఆలోచన అన్నాడు.

ఇది ఆయన సొంత ఊహ మాత్రమే కాదు. 1917లో మార్సెల్ డ్యూషాంప్ అనే ఫ్రెంచివాడు న్యూయార్కులో, కొట్లో కొన్న మూత్రపు తొట్టికి దొంగ సంతకం పెట్టి ప్రదర్శనకు పంపాడు. 1965లో జోసెఫ్ కొసూత్ అనే అమెరికన్ ఒక కుర్చీని, ఆ కుర్చీ ఫోటోను, నిఘంటువులో కుర్చీ అనే మాటకున్న అర్థాన్ని పక్కపక్కన పెట్టి, వీటిలో అసలు కుర్చీ ఏదని అడిగాడు. చేతి నైపుణ్యం కంటే భావం ముఖ్యమనే ఈ ధోరణి 1960 దశకం చివరికి యూరప్, అమెరికాల్లో పెద్ద ఉద్యమమే అయింది.

అయితే కొసూత్ కుర్చీకీ కౌలాలంపూరు కుర్చీకీ ఒక తేడా ఉంది. మొదటిది కుర్చీ అనే భావం గురించిన తర్కం. రెండో దాని మీద మనుషులు కూర్చున్నారు. పడమటివారు వస్తువును చోటులో నిలిచిన ఆకారంగా చూస్తారనీ, తూర్పువారు దానిని కాలంలో జరుగుతున్న సంఘటనగా చూస్తారనీ పియదాస, ఈసా తమ ప్రకటన పత్రంలో వాదించారు. తావో, జెన్ చింతనలను సాక్ష్యంగా తెచ్చారు. తూర్పు, పడమర అని అంత సులువుగా గీత గీయడం నాకు పూర్తిగా నచ్చదు. దోమల చుట్ట విషయంలో మాత్రం ఆ మాట అతికినట్టు సరిపోయింది. ఆ బూడిదలో మనం చూడవలసింది గడిచిపోయిన ఒక రాత్రిని.

ఈ ప్రదర్శనలోనే కవి సాలే బెన్ జోనెద్ లేచి, అందరూ చూస్తుండగా మూత్రం పోశాడు. మరుసటి సంవత్సరం దాని కారణాలను పియదాసకు బహిరంగ లేఖగా పత్రికలో రాశాడు కూడా. తొట్టి పెట్టిన డ్యూషాంప్‌కు ఇంతకంటే తగిన శిష్యుడు దొరకడేమో!

వేళాకోళం పక్కన పెడదాం. ఆ సంవత్సరాలు వేళాకోళపు సంవత్సరాలు కావు. 1969 మే 13న కౌలాలంపూరులో జాతి కలహాలు చెలరేగాయి. మరుసటి ఏడాది పియదాస శవపేటిక ఆకారాన్ని నిలువుగా నిలిపి, దాని మీద జాతీయ పతాకం చిత్రించి, అడుగున అద్దం పరిచాడు. ఆ మొదటి కృతి మిగలలేదు. 2006లో మళ్ళీ తయారైంది. 1971లో జరిగిన జాతీయ సాంస్కృతిక మహాసభ దేశ సంస్కృతికి ఈ ప్రాంతపు స్థానిక సంస్కృతే పునాది కావాలనీ, ఇతర సంస్కృతులలో తగినవాటిని స్వీకరించవచ్చుననీ, ఇస్లాం అందులో ముఖ్యభాగమనీ తీర్మానించింది. ఏది తగినది, ఏది కాదు అనే ప్రశ్న అప్పటినుంచి మనవంటి వారందరి ముందూ ఉంది.

ఈసా ఆ తరువాత ఇస్లామీయ కళవైపు మళ్ళాడు. పియదాస దారి వేరు. 1980 దశకంలో ఆయన పాత స్టూడియో ఫోటోలు చేతబట్టాడు. మలయ్ స్త్రీలు, చీనా బాబా కుటుంబం, భారత సంతతివారు, ఇలా కెమెరా ముందు బిగుసుకుని కూర్చున్న మనుషుల బొమ్మలను తెర అచ్చుతో తీసి, బాతిక్ నమూనాలు, రంగులు జతచేశాడు. ఆ వరుసకు ‘మలేసియన్లు’ అని పేరు. ఎవరు తగినవారు అని మహాసభ అడిగితే, అందరినీ ఒకే గోడమీద కూర్చోబెట్టి ఆయన జవాబు చెప్పాడని నేననుకుంటాను. 2007లో కన్నుమూసేదాకా ఆయనకు గుర్తింపు తెచ్చిన పనులలో ఇదొకటి.

కానీ ఒక వెలితి ఉంది. 1974లో రెయిన్‌కోటుకు సైతం ఊరు, తేదీ, నిమిషం రాసిపెట్టిన మనిషి, ఈ ఫోటోలలోని వారిని ఎక్కువగా జాతి పేరుతోనే నిలబెట్టాడు. చీర కట్టు, బొట్టు, పంచె చూసి భారతీయులని ఎవరైనా పోల్చగలరు. ఆ ఇంట్లో మాట్లాడింది తెలుగా, తమిళమా, మలయాళమా అన్నది ఏ కెమెరాకూ చిక్కదు. ఈ దేశంలో తెలుగువాళ్ళం లెక్కలో తరచు తప్పిపోవడానికి ఇది కూడా ఒక కారణం. మన రూపంలో వేరుగా కనిపించేది ఏదీ లేదు, ఉన్నదంతా మాటలోనే.

1910లో ఒప్పంద కూలీ పద్ధతి ఆగిపోయాక కూడా కంగాణీల వెంట మనవాళ్ళు వస్తూనే ఉన్నారు. పెళ్ళికో, పండగకో తోట నుంచి పట్టణానికి వెళ్ళి ఫోటో తీయించుకున్న కుటుంబాలు తక్కువేమీ కావు. తోటలు అమ్ముడుపోయి ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు ఆ పటాలలో కొన్ని మూటల్లో వచ్చాయి, కొన్ని అక్కడే ఉండిపోయాయి. వచ్చినవాటిని తిప్పి చూడండి. స్టూడియో ముద్ర ఉంటే ఉంటుంది. మనుషుల పేర్లు, ఏ తోట, ఏ సంవత్సరం అన్నవి చాలావాటి వెనుక ఉండవు. ముందు వరుసలో పీటమీద కూర్చున్న పిల్లల్లో కొందరు ఎనభై దాటి ఇంకా మన మధ్యనే ఉన్నారు. వెనుక నిలబడ్డ అత్త ఎవరో, ఆమె ఏ ఊరినుంచి ఓడ ఎక్కిందో వాళ్ళకు తెలుసు.