నెట్‌వర్క్ అమరికల తెర - తెలుగు నుడి: ఒక చారిత్రక పరిశీలన

కంప్యూటర్ తెర రూపకల్పన సాంకేతిక నిపుణుల విషయమనీ, భాషాశాస్త్రానికి దానితో పనిలేదనీ భావించడం పరిపాటి. అయితే తెరపై కనిపించేది అధికభాగం మాటలే. వాడుకరి తన పరికరాన్ని తానే సరిచేసుకోగలడా, ప్రతిసారీ మరొకరిపై ఆధారపడాలా అన్నది ఆ మాటలే తేలుస్తాయి. నెట్‌వర్క్ అమరికల తెర చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదు ఉత్తర శివారుకు ఈ చరిత్రలో చోటుంది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. ఆ సంస్థ ఉన్న ప్రాంతం ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగం. తర్వాతి కాలంలో శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ వంటి విద్యాసంస్థలు వచ్చాయి. మేడ్చల్ దారిపొడవునా ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి.

ఆదేశాలను టైపు చేసే పద్ధతి స్థానంలో బొమ్మల తెరను వాణిజ్యస్థాయిలో ప్రవేశపెట్టినది 1981 నాటి జిరాక్స్ స్టార్. నెట్‌వర్క్‌లోని ప్రింటర్ కూడా అందులో ఒక బొమ్మే. కానీ నెట్‌వర్క్ అమరికల విషయంలో అసలు మలుపు బొమ్మల వల్ల రాలేదని నా అభిప్రాయం. 1993లో వెలువడిన డీహెచ్‌సీపీ పద్ధతి చిరునామా, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే అంకెలను వాడుకరి నింపవలసిన అగత్యాన్ని తప్పించింది. అంకెల గళ్లను అందంగా అమర్చడం కంటే, అడగనవసరంలేని ప్రశ్నను తొలగించడమే పెద్ద మేలు. 192.168తో మొదలయ్యే చిరునామాలను 1994లో ప్రైవేటు నెట్‌వర్కులకు ప్రత్యేకించారు. ఇంటి రౌటర్ అమరికల పేజీ సాధారణంగా ఆ చిరునామాల్లోనే ఒకదాని వద్ద తెరుచుకుంటుంది.

తెలుగు ఈ తెరపైకి ఆలస్యంగా వచ్చింది. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం దక్కినా, విండోస్‌లో తెలుగు లిపికి ఆధారం 2001 నాటి ఎక్స్‌పీతో లభించింది. రెడ్ హ్యాట్ 2004లో ప్రారంభించిన నెట్‌వర్క్ మేనేజర్‌కు తర్వాత తెలుగు అనువాదం వచ్చింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కూడా లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకుంది. ఈ అనువాదాలలో ఎదురయ్యే ఒక చిక్కు వ్యాకరణ విద్యార్థులకు ఆసక్తికరం. ఒక నెట్‌వర్క్‌కు అనుసంధానమైనదని చెప్పే వాక్యంలో నెట్‌వర్క్ పేరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. యంత్రం దాన్ని అప్పటికప్పుడు నింపుతుంది. పేరు ‘లైబ్రరీ’ అయితే ‘కి’ రావాలి, ‘శామీర్‌పేట’ అయితే ‘కు’ రావాలి. ఇ, ఈల తర్వాత ‘కు’ ‘కి’గా మారుతుందని చిన్నయసూరి చదివినవారికి తెలుసు, యంత్రానికి తెలియదు. ‘అనుసంధానమైన నెట్‌వర్క్: లైబ్రరీ’ అని వాక్యాన్నే విడదీస్తే విభక్తి అవసరం ఉండదు. తెలుగు స్వభావానికి తగిన తెర అంటే ఇటువంటిది. ‘ఎనేబుల్’కు ‘చేతనపరచు’ అనడం వల్ల ఆ మేలు చేకూరదు. ‘ఆన్ చేయి’ అన్నది జనం నోట ఇప్పటికే ఉన్న మాట.

పదాల ఎంపిక ఎంత దూరం పోతుందో తెలిపే అనుభవం ఒకటి ఉంది. మేడ్చల్ సమీపంలోని ఒక కళాశాలలో రౌటర్ పక్కన ‘నెట్ రాకపోతే రీసెట్ చేయండి’ అని కాగితం అంటించి ఉండేది. రాసినవారి ఉద్దేశం రీస్టార్ట్ మాత్రమే. పరీక్ష దరఖాస్తుల గడువు నాడు నెట్ ఆగింది. సిబ్బందిలో ఒకరు కాగితంలో ఉన్నట్లే సూదిరంధ్రంలోని బటన్ నొక్కారు. అమరికలన్నీ చెరిగిపోయాయి. నిపుణుడు వచ్చేసరికి చీకటి పడింది. దీనిలో చదివినవారి తప్పు ఏమీ లేదు. ఆంగ్లం వద్దనుకుని రెండు మాటలకూ ‘పునఃప్రారంభం’ అని రాసి ఉంటే గందరగోళం ఇంకా పెరిగేది. ఒకటి యంత్రాన్ని ఆపి తిరిగి నడపడం, మరొకటి దాని జ్ఞాపకాన్ని తుడిచివేయడం. రెండవదానికి ‘అమరికలన్నీ చెరిపివేయి’ అన్న పొడవైన మాటే క్షేమం. బటన్ కొంత వెడల్పు కావాలి, అంతే.

ఆ కాగితం స్థానంలో ఇప్పుడు వేరొకటి ఉంది: ‘స్విచ్ ఆపి, నిమిషం ఆగి మళ్లీ వేయండి. సన్నని రంధ్రంలో ఏదీ గుచ్చవద్దు.’