ఐదు బేడలంటే ఎంత?



లెక్కలంటే మనలో చాలామందికి భయమే. పదో తరగతి గట్టెక్కగానే ఆ పుస్తకాన్ని అటక మీదికి విసిరి "హమ్మయ్య" అనుకున్నదాన్ని నేనూ. అయితే అటకెక్కించిన లెక్క ఊరుకోదండీ, ఎప్పుడో ఒకనాడు నెత్తిన పడుతుంది. నా నెత్తిన ఎలా పడిందో చెబుతాను, వినండి.

మా ఇల్లు విశాఖపట్నంలో గాజువాక దగ్గర. మావారికి ఆటోనగర్లో చిన్న లేత్ షాపు ఉంది. పద్దులు నేను రాస్తాను. మొన్నామధ్య ఆయన ఊళ్ళో లేనప్పుడు ఒక పాత యంత్రానికి పిన్ను కావాలని చీటీ వచ్చింది. మందం 5/8 అంగుళం అని రాసుంది. "మిల్లీమీటర్లలో ఎంతో చెప్పండమ్మా" అన్నాడు పనికుర్రవాడు. ఐదూ ఎనిమిదీ కదా, 0.58 అయి ఉంటుందనుకున్నాను! అంగుళానికి 25.4 మిల్లీమీటర్లని తెలుసు. గుణించి, 14.7 అని చెప్పేశాను. కావలసిందేమో 15.875. ఇంకేముంది, పిన్ను రంధ్రంలో గలగల్లాడింది. లేత్ మీద ఇనుమును చెక్కగలంగానీ, చెక్కింది తిరిగి అతికించలేం. సరుకూ పోయింది, ఓ పూట పనీ పోయింది.

ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని కూర్చుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారు "ఏటమ్మా సంగతి?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపకుండానే, "రూపాయికి ఎనిమిది బేడలు. ఐదు బేడలంటే పదణాలు. అర్ధరూపాయికి యాభై పైసలు, మిగిలిన బేడకి పన్నెండున్నర. అరవై రెండున్నర పైసలు" అన్నారు. నేను కాగితం మీద ఐదుని ఎనిమిదితో భాగించి చూశాను. 0.625. రూపాయిలో అచ్చంగా అరవై రెండున్నర పైసలే!

ఆవిడకి ఈ విద్య ఎక్కడిదంటారా? 1957లో ఆవిడ బడికి వెళ్ళే పిల్ల. అంతవరకూ రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు. కాణీ కంటే చిన్నది 'పై', అవి అణాకి పన్నెండు. అంటే రూపాయికి అరవైనాలుగు కాణీలు, నూట తొంభైరెండు పైలు. 1955లో పార్లమెంటు చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలు అమలులోకి వచ్చాయి. ఆ 'నయా' అన్న మాట 1964 జూన్ 1న తీసేశారు. ఇంగ్లండు వారు మాత్రం తమ డబ్బును వందల్లోకి మార్చుకున్నది 1971 ఫిబ్రవరి 15న. ఈ విషయంలో మనమే పద్నాలుగేళ్ళు ముందు!

కొన్నాళ్ళపాటు పాత నాణేలూ కొత్త నాణేలూ కలిసే చెలామణి అయ్యాయి. చిక్కంతా అక్కడ వచ్చింది. అణా అంటే లెక్క ప్రకారం 6.25 నయాపైసలు. పావు నయాపైస ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని సగమూ అంతకు తక్కువా వస్తే వదిలెయ్యాలని, సగం దాటితే ఒకటిగా లెక్కించాలని నిబంధన పెట్టారు. అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి సరిగ్గా ఇరవై అయిదు. కాణీ అంటే 1.56. అది రెండు నయాపైసలయింది. ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. కాణీ సరుకును అరవైనాలుగు సార్లు విడివిడిగా కొనుక్కున్న ఇల్లాలు వంద బదులు నూట ఇరవై ఎనిమిది పైసలిస్తుంది. అదే సరుకు ఒక్కసారే రూపాయి పెట్టి కొన్నవారికి ఒక్క పైసా తేడా రాదు. చూశారా, లెక్కలో మిగిలిన తునక చివరికి పేదింటి గుమ్మం ముందు పడుతుంది. "మొత్తమంతా కూడి ఒక్కసారే మార్చమనాలి, విడివిడిగా మారిస్తే మునిగిపోతాం" అని ఆ రోజుల్లో వాళ్ళమ్మగారు చెప్పేవారట.

అణాని మార్చితే నాలుగు అంకెల్లోనైనా లెక్క తెగుతుంది. రూపాయిలో పదహారో వంతు 0.0625. పైని మార్చబోతే అసలు తెగదు. 0.00520833 అంటూ మూళ్ళు వస్తూనే ఉంటాయి. కారణం చిన్నదే. పదిని రెండుతోనూ అయిదుతోనూ భాగించగలం, మూడుతో భాగించలేం. నూట తొంభైరెండులో ఆ మూడు దాగుంది. అట్లను నలుగురికి సమంగా పంచినంత సులువుగా ముగ్గురికి పంచలేకపోవడం మనకి కొత్తా?

మరి ఈ దశాంశ పద్ధతి మనది కాదా అంటే, అందులోని ఉపాయం మన పెద్దలకీ తెలుసు. పూర్వం మన కరణాలు భిన్నాల్ని గీతలతో రాసేవారు. పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. పావులో నాలుగో వంతు వీసం. దానికి అడ్డగీతలు. వీసంలో నాలుగో వంతు కాణీ. దానికి మళ్ళీ నిలువు గీతలు. ఒక్కో స్థానం దిగితే విలువ నాలుగో వంతవుతుంది. దశాంశంలోనేమో ఒక్కో స్థానం దిగితే పదో వంతు. తేడా అంతే! నన్ను ఏడిపించిన 5/8ని ఆ పద్ధతిలో రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలుగా రాస్తారు. అరా, రెండు వీసాలూ. ఈ గీతలకు 2008లో యూనికోడ్‌లో, అంటే ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ కంప్యూటర్లలో చోటిచ్చే పట్టికలో, స్థానం దొరికింది.

యూరపులో దశాంశాల్ని అందరికీ పరిచయం చేసినవాడు సైమన్ స్టెవిన్. 1585లో డచ్చి భాషలో ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. అది పండితుల కోసమే కాదు, భూములు కొలిచేవారికీ, బట్టలు కొలిచేవారికీ, వర్తకులకూ పనికిరావాలని రాశాడు. అంటే మొదటినుంచీ ఇది బజారులో పనికొచ్చే లెక్కే.

ఆటోనగర్లో ఇప్పటికీ రెండు లోకాలూ పక్కపక్కనే ఉన్నాయి. పాత యంత్రాలు అంగుళాలవి, కొత్తవి మిల్లీమీటర్లవి. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. దానికి పంతొమ్మిది పానా దాదాపు సరిపోతుంది. అర అంగుళమంటే 12.7. దానికి పదమూడు పానా పెడితే జారి, బోల్టు మూలలు అరిగిపోతాయి. ఎక్కడ 'దాదాపు' చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలియడమే పనితనం అంటారు మావారు.

మనకీ అంతే. బంగారం కొట్లో తులమంటే ఎంతో అడగండి. అసలు తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలాచోట్ల పది గ్రాములనే తులమంటున్నారు. మన కోస్తాలో కాసంటే ఎనిమిది గ్రాములు. పాత సవరను 7.988 గ్రాములు. పేరు ఒకటే అయినా కొలత ఒకటి కాకపోవచ్చు. కాబట్టి గ్రాముల్లో రాయించుకోండి.

పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. అయినా పావుకిలో అంటూనే ఉన్నాం, పదహారణాల తెలుగుదనం అంటూనే ఉన్నాం. మీ ఇంట్లో అణాలు ఎరిగిన పెద్దవారుంటే, పిల్లలు భిన్నాల లెక్క దగ్గర ఏడుస్తున్నప్పుడు వారి దగ్గర కూర్చోబెట్టండి. మా అబ్బాయి లెక్కల నోటుబుక్కు అట్ట లోపల మా అత్తగారు చెప్పగా నేను రాసిన నాలుగు వరుసలున్నాయి: బేడ 0.125, పావలా 0.25, ఆరణాలు 0.375, అర్ధరూపాయి 0.5. అయిదో వరుస, పదణాలు 0.625, నా కోసం షాపు గోడ మీద రాసుకున్నాను.