ఇబ్రహీంపట్నం సీమలో కమ్మరి కొలిమి

నేటి రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నమునకు పేరిచ్చినవాడు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580). ఆ యేలుబడినాటి పెద్దచెరువు నేటికిని కలదు. చెరువు త్రవ్విన పారయు, దాని క్రింది మడి దున్నిన కర్రును, పంట కోసిన కొడవలియు కొలిమినుండి వచ్చినవే. ప్రభువు పేరు నిలిచినది. కమ్మరి పేరు ఏ శాసనమునకును ఎక్కలేదు.

ఇంగ్లండును విక్టోరియా రాణి పాలించిన కాలమున (1837–1901) ఈ సీమ నిజాముల యేలుబడిలో నుండెను. ఆనాటి తెలంగాణపు పల్లెలో కమ్మరికి ఇల్లు వేరు, పనిచోటు వేరు కాదు. ఇంటి ముంగిట పందిరి, దాని క్రింద కొలిమి, వెనుక తోలుతిత్తులు, ఎదుట దాగలి, ప్రక్కన నీటితొట్టి. పట్టకారును సుత్తెయు ఇంటి యజమాని చేత నుండెను. సమ్మెట కొడుకు పట్టెడివాడు. తిత్తులూదుట ఇల్లాలి పని. కొడుకు ఎదుగువరకు సమ్మెట కూడ ఆమెయే యెత్తెడిది. అయినను ఊరివారు దానిని కమ్మరి పని యనిరేగాని కమ్మరి దంపతుల పని యనలేదు.

ఏరువాకకు ముందు రైతులు అరిగిన కర్రులతో కొలిమి చుట్టు మూగెడివారు. కూలి వెంటనే లేదు. పంట నూర్చిననాడు కల్లములో కొలిచి యిచ్చు మేరయే సంవత్సరపు జీతము. మహారాష్ట్రమున దీనినే బలుతా యందురు. ఆలోచించినచో ఊరికంతకును కమ్మరియే అప్పిచ్చినవాడు. ఆ యప్పునకు వాన పూచీ! చెరువు నిండని యేడు కమ్మరి గాదెయు నిండదు. దొరలయింటి పనికి ఆ మేరయు దక్కక, వెట్టిగా చేయవలసివచ్చుటయు కలదు.

ఇక ఇనుము మాట. తొల్లి అది స్వదేశపు రాతినుండియే వచ్చెడిది. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించు విధమును 19వ శతాబ్ది తొలిభాగమున హెన్రీ వాయ్సీ యను ఆంగ్లేయుడు చూచి వ్రాసెను. ఆ యుక్కును కొనుటకు పారశీక వర్తకులు ఆ యూరికే వచ్చెడివారు. ఐరోపావారు ‘వూట్జ్’ అన్నది మన ‘ఉక్కు’ మాటకు వికృతియే యని పలువురి అభిప్రాయము. 1856లో బెస్సెమరు పద్ధతి వెలువడి సీమయుక్కు చౌకయయ్యెను. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలు వచ్చెను. అడవి బొగ్గుతో ఇనుము తీయువారికి దానితో పోటీపడుట అసాధ్యమయ్యెను.

ఉక్కు మూసలు చల్లారుటను గూర్చి వగచువారు కలరు, అది న్యాయమే. కాని ఊరి కొలిమి వెంటనే చల్లారలేదను సంగతి అంతగా గమనింపబడలేదు. కోనసముద్రపు జీవనము దూరదేశపు బేరముమీద నుండెను. ఊరి కమ్మరిది పొరుగు మడిమీద నుండెను. ఓడలో వచ్చిన ఇనుము కమ్మిగా వచ్చునేకాని, ఈ నేలకు తగిన కర్రుగా రాదు. దానిని కాల్చి, సాగగొట్టి, పదును పెట్టువాడు ఊరిలోనే యుండవలెను. పైగా క్రొత్త కమ్మి కొలిమిలో సులభముగా లొంగెను. క్రొత్త పనిముట్టునకు ఇనుము తెచ్చుకొనుట తరచుగా రైతు వంతు గనుక, చౌక ఇనుము రైతునకును మేలే చేసెను.

అరిగిన బండిచక్రపు పట్టా కొడవలి యయ్యెను. విరిగిన కొడవలి మొలయయ్యెను. ఆ మొల ఏ నాగలికాడికో చేరెను.