ఘాజీ మన పులికాట్ ముందు నుంచే పోయింది: విశాఖలో సబ్‌మెరీన్ చూసొచ్చిన సంగతులు

ఈసారి వరి గురించి కాదు, యూరియా గురించి కాదు. చరిత్ర గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

రబీ కోతలు అయిపోయి వడ్లు అమ్ముకున్నాక, సింహాచలం అప్పన్న మొక్కు తీర్చుకోవడానికి మా ఊరి నుంచి ఆరుగురం విశాఖపట్నం పోయినాం. దర్శనం పొద్దున్నే అయిపోయింది. తిరుగు రైలు రాత్రికి. మధ్యలో ఏం చేద్దామంటే మా బావ, "బీచిలో సబ్‌మెరీన్ ఉండాది, చూద్దాం పదండి. ఘాజీని ముంచింది అదే" అన్నాడు. ఆయన 2017లో వచ్చిన ఘాజీ సినిమా మూడుసార్లు చూసినాడు లెండి.

ఆర్కే బీచిలో ఇసకలో కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి ఉండాది ఆ పడవ. పేరు ఐఎన్ఎస్ కుర్సురా. 91 మీటర్ల పొడుగు. ఎకరా చేను ఒక పక్క గట్టు అరవై, డెబ్బై మీటర్లు ఉంటది కదా, దానికంటే పొడుగు. దూరం నుంచి చూస్తే నల్లటి పెద్ద చేప ఒడ్డుకి కొట్టుకొచ్చినట్టు ఉంటది. ఎదురుగా విక్టరీ ఎట్ సీ అని 1971 యుద్ధం స్మారకం. కుర్సురా లోపలికి అందరినీ ఒకేసారి వదలరు. పదీ పన్నెండు మందిని ఒక జట్టు చేసి, ఒక గైడును ఇచ్చి పంపిస్తారు. మాకొచ్చిన గైడు సబ్‌మెరీన్లలో పనిచేసి రిటైరైన మనిషి. జుట్టు నెరిసింది గానీ ఆ గుండ్రటి తలుపుల్లో నుంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి, పిల్లోడి మాదిరి దూరిపోతాడు. మేము ఒకరినొకరు పట్టుకొని, మోకాళ్ళు కొట్టుకొని దూరినాం.

మొదట ఆయన చెప్పిన మాటతోనే మా బావ ముఖం మాడిపోయింది. "కుర్సురా ఘాజీని చూడనుకూడా లేదు" అన్నాడు. 1971 డిసెంబరులో విశాఖ సముద్రంలో మన సబ్‌మెరీన్ ఏదీ ఘాజీతో యుద్ధం చేయలేదంట. సినిమాలో చూపించింది కల్పన. ఆ యుద్ధంలో కుర్సురాని పంపించింది అటు పక్క అరేబియా సముద్రానికి. ఫలానా హద్దు దాటవద్దు, శత్రువని ఖాయంగా తేలితే తప్ప కొట్టవద్దు అని ఆజ్ఞ. శత్రు నౌకను ముంచిన పేరు దీనికి లేదు. మరి ఎందుకు దీన్ని ఇట్ట ఒడ్డుకెక్కించి చూపిస్తున్నారు అని నేనే అడిగినాను. ఆయన చెప్పింది వింటే వెనక్కి పోవాల్సి వచ్చింది, 1965 దాకా.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మన నౌకాదళంలో ఒక్క సబ్‌మెరీన్ కూడా లేదు. వాళ్ళకి ఒకటి ఉండింది. అదే ఘాజీ. అమెరికా వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కట్టిన పడవ అది, అప్పుడు దాని పేరు డయాబ్లో. దాన్ని పాకిస్తాన్‌కి లీజుకి ఇచ్చినారు. నీళ్ళ కింద ఎవరికీ కనపడకుండా తిరిగేది ఒకటి ఉంటే, ఆ ఒక్కదానికి భయపడి పైన తిరిగే ఓడలన్నీ జాగ్రత్త పడాల్సిందే. ఆ లోటు తెలిసే సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకొని నాలుగు సబ్‌మెరీన్లు తెచ్చుకున్నారు. 1967 డిసెంబరులో కల్వరి వచ్చింది. తర్వాత ఖందేరి, కరంజ్. నాలుగోది ఈ కుర్సురా, 1969 డిసెంబరు 18న సోవియట్‌లోని రీగాలో మన జెండా ఎక్కించుకున్నది. 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. పాత ఇనుముకి తూకం వేసి అమ్మకుండా బీచికి లాక్కొచ్చి, 2002 ఆగస్టులో జనానికి తెరిచినారు. ఈ పనికి అయిదున్నర కోట్లు అయ్యిందంట.

ఇంక లోపలి సంగతి. మొత్తం ఏడు గదులు. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక చివర నాలుగు. 22 టార్పెడోలు మోసుకుపోయేది. 75 మంది మనుషులు. ఆ టార్పెడోల పక్కనే, పైపుల కిందనే పడకలు. మన ఇంట్లో వడ్ల బస్తాలు పేర్చిన కొట్టులో మనుషులు పండుకున్నట్టు ఉంటది. మంచినీళ్ళు లెక్కపెట్టి ఇస్తారు, స్నానం మాట మర్చిపోవాల్సిందే. వంటగది చూసి మా ఆడోళ్ళు నోరెళ్ళబెట్టినారు. మన వరండాలో పొయ్యి పెట్టే మూల కంటే చిన్నది. అందులోనే 75 మందికీ వండాలి.

నాకు బాగా అర్థమైంది ఇంజిన్ల గది. మూడు డీజిల్ ఇంజిన్లు, ఒక్కోటి 2000 హార్స్‌పవర్. మన బోరు మోటారు అయిదు హార్స్‌పవర్, ఏడున్నర హార్స్‌పవర్ అని లెక్కేసుకుంటే ఒక్కో ఇంజినుకి మూడు, నాలుగు వందల మోటార్ల బలం. అయితే డీజిల్ ఇంజినుకి గాలి కావాలి. నీళ్ళ కింద గాలి యాడిది? అందుకని పైకొచ్చో, గొట్టం పైకి పెట్టో గాలి పీల్చి ఇంజిన్లు తిప్పి బ్యాటరీలు నింపుకుంటారు. కిందికి మునిగినాక ఆ బ్యాటరీల కరెంటుతో మోటార్లు తిరుగుతాయి. మన ఇంట్లో ఇన్వర్టర్ మాదిరే, కాకపోతే బ్యాటరీలు వందల్లో. బ్యాటరీ నిండేటప్పుడు హైడ్రోజన్ గ్యాసు వస్తుందని, అది బయటికి పోకుండా లోపల నిలిస్తే చిన్న నిప్పురవ్వ చాలని ఆయన చెప్పినాడు. ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయొద్దని మనకీ చెప్తారు గదా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉండాది.

ఇప్పుడు ఘాజీ. 1971 నవంబరు 14న కరాచీలో బయలుదేరింది. సిలోన్ చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. వెతుకుతున్నది మన విమానవాహక నౌక విక్రాంత్‌ని. నవంబరు 23 నాటికి మద్రాసు ముందు సముద్రంలో గాలించింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు దాక్కున్నది. మద్రాసులో దొరక్కపోయేసరికి ఘాజీ ఉత్తరానికి, విశాఖకి మళ్ళింది.

ఆయన ఇది చెప్తుంటే నేను మనసులో మ్యాపు గీసుకున్నాను. మద్రాసు నుంచి విశాఖకి పోవాలంటే దారి ఏది? మన పులికాట్ ముందు నుంచే, శ్రీహరికోట ముందు నుంచే. 1971 అక్టోబరు 9న శ్రీహరికోటలో మొదటి చిన్న రాకెట్ లేచింది. తర్వాత రెండు నెలలు కూడా కాకముందే, 90 మందికి పైగా మనుషులున్న ఆ పడవ మన సముద్రంలో ఉత్తరానికి పోయింది. మన పెద్దోళ్ళు ఆ రోజుల్లో మడికి నీళ్ళు పెట్టుకుంటానో, వలలు వేసుకుంటానో ఉండి ఉంటారు.

మన తీరానికి ఇట్టాంటివి కొత్త కాదు. పులికాట్‌లో డచ్చి వాళ్ళు 1613లోనే కోట కట్టి కూర్చున్నారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉండాయి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ ఓడ ఎమ్డెన్ వచ్చి మద్రాసు చమురు ట్యాంకులు కాల్చిపోయింది. తడ అవతల తమిళం వాళ్ళు గడుసోడిని ఇప్పటికీ ఎమ్డన్ అంటారు, అది ఆ ఓడ పేరే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదనే బాంబులు వేసినాయి. సముద్రం పక్కన ఉన్నోళ్ళకి యుద్ధం ఢిల్లీ వార్త కాదు.

ఘాజీని విశాఖకి రప్పించడంలో ఒక ఉపాయం ఉండాది. అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మాలి. దానికి రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని విక్రాంత్ మాదిరి నటించమన్నాడు. పెద్ద ఓడ ఉంటే ఎంత వైర్‌లెస్ సందడి ఉంటదో అంత సందడి చేయించినాడు. అంతటితో ఆగలేదు. కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరు పెట్టించినాడు. ఇంత సరుకు పోతున్నదంటే పెద్ద ఓడే వచ్చి ఉంటదని గూఢచారులు కబురు పంపాలని. సోదరులారా, నాకు ఆ టూర్ మొత్తంలో మనసుకి పట్టింది ఇది. యుద్ధంలో టార్పెడో ఎంత పనిచేసిందో, కూరగాయల బుట్ట అంత పనిచేసింది. ఆ కాయలు కోసి సంతకి వేసిన రైతుకి ఈ సంగతి చచ్చేదాకా తెలిసి ఉండదు.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు దాడి చేసి యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు నుంచి బయటికి వస్తా, నీళ్ళలో ఏదో కదలిక కనపడితే రెండు డెప్త్ ఛార్జీలు వేసింది. అంటే నీళ్ళలో లోతుకి పోయి పేలే బాంబులు. కాసేపటికి పెద్ద పేలుడు. ఒడ్డున ఇళ్ళ కిటికీలు అదిరినాయి. తెల్లారి చేపల వేటకి పోయిన జాలర్లకి నీళ్ళ మీద నూనె తెట్టు, తేలుతున్న సామాన్లు కనపడినాయి. వాళ్ళు తెచ్చిచ్చిన ఆనవాళ్ళతోనే సంగతి బయటికొచ్చింది. తర్వాత నేవీ గజ ఈతగాళ్ళు దిగి అది ఘాజీయేనని తేల్చినారు.

ఇక్కడ మా జట్టులో ఒక కుర్రోడు అడిగినాడు. "సార్, మనం ముంచినామా, దానంతట అదే పేలిందా? నెట్‌లో రెండు రకాలుగా ఉంది." మా బావకి కోపం వచ్చింది. "మనమే ముంచినాం, ఇంక దాంట్లో అడిగేదేంది" అన్నాడు. ఆ ఇరుకులో అందరం ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నాం.

గైడు నవ్వి మూడు మాటలూ చెప్పినాడు. మన నేవీ చెప్పేది రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీలని. పాకిస్తాన్ చెప్పేది తాను పరిచిన మైను తానే తొక్కిందనో, లోపల ప్రమాదం జరిగిందనో. ఇంకొందరు చెప్పేది, బ్యాటరీ నింపేటప్పుడు హైడ్రోజన్ చేరి, ముందు గదిలోని మైన్లు, టార్పెడోలు అంటుకున్నాయని. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. మన సైన్యంలోనే తూర్పు కమాండ్‌లో అప్పుడు పెద్ద హోదాలో ఉన్న జనరల్ జేకబ్, అది ప్రమాదమే, మన నేవీ ముంచింది కాదని 2010లో రాసినాడు. చివరికి గైడు ఒక మాట అన్నాడు: "నేను సబ్‌మెరీన్ మనిషిని. ఏది నిజమైనా లోపల ఉన్నోళ్ళకి ఆ క్షణం ఒకటే."

బయటికొచ్చినాక మా బావ, నేను బీచిలో మొక్కజొన్న కంకి తింటా వాదులాడుకున్నాం. "నువ్వు చదువుకున్నోడివి, మనోళ్ళ గొప్పతనం తగ్గించి మాట్లాడుతావు" అంటాడు ఆయన. నేను చెప్పింది ఒకటే. పంట నష్టం రాసేటప్పుడు కాగితంలో ఒకటి ఉంటది, చేలో ఒకటి ఉంటది. కాగితం తప్పని మనం గోల చేస్తాం. మరి చరిత్రకి మాత్రం కాగితం ఒకటే చాలంటే ఎట్ట? డెప్త్ ఛార్జీ కొట్టినా, మైను పేలినా, దాన్ని మద్రాసు నుంచి విశాఖకి లాక్కొచ్చింది మన ఉపాయమే. విక్రాంత్ బతికింది, తూర్పున చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాని విమానాలు దాడి చేసినాయి. ఆ గెలుపుని ఎవరూ తీసేయలేరు. దాని కోసం తేలని దాన్ని తేలిందని చెప్పక్కర్లేదు. బావ ఒప్పుకోలేదు. "అయితే ఆ జాలర్లకి ఎవరు దండేసినారు?" అని మాత్రం అడిగినాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాళ్ళ మీద నేను చూసినంతలో జాలర్ల మాట కనపడలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఘాజీ మునిగిందని మన వాళ్ళు ప్రకటించింది డిసెంబరు 9న. అదే రోజు రాత్రి గుజరాత్ పక్కన డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరీన్ హంగోర్ మన ఖుక్రీని ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయినారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దాంతోపాటే మునిగినాడు. వాళ్ళ స్మారకం డయ్యూలో ఉండాది. అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ సముద్రం అడుగునే ఉండారు. 2024 ఫిబ్రవరిలో మన నేవీ లోతుకి దిగే కొత్త వాహనంతో విశాఖ ముందు ఘాజీ శిథిలాన్ని గుర్తించింది. చచ్చిపోయినోళ్ళకి మర్యాదగా దాన్ని ముట్టుకోకుండా వదిలేసినారు. నాకు అది చాలా మంచి పని అనిపించింది. మా బావ కూడా దీనికి మాత్రం తల ఊపినాడు.

విశాఖ పోయేవాళ్ళకి రెండు ముక్కలు. సోమవారం కుర్సురా మూసి ఉంటది, ఆ రోజు పోవద్దు. మోకాళ్ళ నొప్పులు ఉన్నోళ్ళు, బాగా లావుగా ఉన్నోళ్ళు ఆ గుండ్రటి తలుపులు చూసుకొని దిగండి. ఎదురుగా టీయూ 142 అనే పెద్ద విమానం కూడా పెట్టి ఉండారు, మాకు రైలు టైమై చూడలేదు. గైడు ముందు నడుస్తుంటే ఫోటోలు తీసుకుంటా వెనకబడొద్దు, ఆయన పక్కనే ఉండి అడగండి. మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఎవరికైనా 1971 డిసెంబరులో మన తీరంలో జరిగింది గుర్తుంటే కింద రాయండి. ముఖ్యంగా వేనాడు, ఇరకం, దుగరాజపట్నం వైపు వాళ్ళు.