కల్యాణపురము: యానాము ఆచారములు, దొరతనములు

యానామునకు ఒకప్పుడు కల్యాణపురమను పేరు ఎట్లు వచ్చినదో మన పిల్లలలో చాలమందికి తెలియదు. పేరు వినసొంపుగా నున్నది గాని, దాని వెనుకనున్న కథ అంత వినసొంపైనది కాదు.

1731లో ఇచ్చట స్థిరపడిన ఫ్రెంచివారు వర్తకమునకు వచ్చిరే గాని మన ఆచారములను దిద్దుటకు రాలేదు. 1819 జనవరి 6వ తేదీ శాసనముచే, భారతీయులకు వారి వారి కులాచారముల ప్రకారమే తీర్పు చెప్పవలెనని నిర్ణయించిరి. 1881లో, స్వీయాచారమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరింపగోరువారికి వీలు కల్పించిరి. అట్టివారే రెనొన్సాంట్లు. తక్కినవారి పెండ్లిండ్లు పెద్దల మాట, పురోహితుని పంచాంగము ప్రకారమే నడచెను.

చుట్టును ఇంగ్లీషువారి గోదావరి మండలము. అచ్చట 1930 ఏప్రిల్ 1 నుండి శారదా చట్టము అమలులోనికి వచ్చెను. బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండక పెండ్లి చేయరాదు. చేసినచో తలిదండ్రులకే కాక, మంత్రము చెప్పిన పురోహితునకును నెల దినముల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. ఆ చట్టమునకు యానాము పొలిమేరయే హద్దు. ఇంకేమున్నది! చుట్టుప్రక్కల పెండ్లివారు పసిపిల్లలను వెంటబెట్టుకొని ఇచ్చటికే రాసాగిరి. దీనిని ధర్మరక్షణ యన్నవారు లేకపోలేదు. నా మట్టునకు, రక్షింపబడినది పెద్దల పట్టుదలయే. వెల చెల్లించినది నోరులేని ఆడపిల్లలు. 1938 నాటి సవరణ, బ్రిటిషు ప్రజలు ఇండియాలో ఎచ్చట పెండ్లి చేసినను ఆ చట్టము వర్తించునని చెప్పెను.

దేవాలయముల సంగతియు ఇట్టిదే. మద్రాసు రాజధానిలో 1926 నాటి చట్టముతో ధర్మకర్తలు బోర్డుకు లోబడవలసి వచ్చెను. ఆ బోర్డు అధికారము యానాములో చెల్లదు. 1954 జూన్ 13న యానాము విముక్తమైనది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమున చేరినది. 1972లో పుదుచ్చేరి హిందూ మతసంస్థల చట్టము వచ్చినది. పొలిమేర కావలి గుళ్ళకు ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టము, మన గుళ్ళకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమందున్న పుదుచ్చేరి చట్టము! జీవితమంతయు ఫైళ్ళ నడుమ గడపినవాడను గనుక, దూరపు కచేరీకి పోయిన కాగితము తిరిగి వచ్చుటకెంత కాలము పట్టునో నాకు తెలియును. అయినను, గుడి లెక్కలు అడుగువాడు ఒకడుండుట మేలే.

శారదా చట్టము విలీనానంతరము మనకును వచ్చినది. రెనొన్సాంట్లకు మాత్రము మినహాయింపుతో. దాని స్థానమున వచ్చిన 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టములోను ఆ మినహాయింపు వాక్యము అట్లే నిలిచియున్నది.